మూడో తీగ ఏమైంది?

దసరాకి ముందు ఇల్లు దులుపుదామని వ్యాక్యూమ్ క్లీనర్ బయటికి తీశాం. స్టీలు డ్రమ్ముండే పాత రకం. దుమ్ముతోపాటు నీళ్లూ పీలుస్తుంది. తడి నేలమీద నిలబడి దాన్ని జరపబోయిన మా ఆవిడ ‘అబ్బా!’ అంటూ చేయి వెనక్కి లాక్కుంది. ‘జివ్వుమంటోందండీ’ అంటే, ‘దుమ్ము రాపిడికి పుట్టే కరెంటులే’ అన్నాను, అంతా తెలిసినవాడిలా.

అదీ అబద్ధం కాదు. ప్లాస్టిక్ గొట్టంలోంచి పొడి దుమ్ము వేగంగా పోతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. కానీ అది చిటుక్కున ఒకసారి కొట్టి ఊరుకుంటుంది. ఇది ముట్టుకున్నప్పుడల్లా లాగుతోంది. టెస్టర్ ఆనిస్తే వెలిగింది.

స్విచ్చు కట్టేసి, ప్లగ్గు పీకి, విప్పి చూద్దును కదా, మూడు పిన్నుల ప్లగ్గులో రెండే తీగలు! రెండు నెలల కిందట వైరు తెగితే రిపేరుకిచ్చాం. ఆ కుర్రాడు చేతికందిన రెండు తీగల వైరు వేసి పంపాడు. మిషను చక్కగా తిరిగింది, డబ్బులిచ్చి వచ్చేశాం. చిక్కంతా అక్కడే. మోటారుకి ఫేజు, న్యూట్రల్ ఉంటే చాలు. ఆకుపచ్చ రంగు ఎర్త్ తీగ ఉన్నది మన కోసం. లోపల కార్బన్ బ్రష్షుల పొడికి తడి తోడై కరెంటు డ్రమ్ముకి పాకితే, ఆ తీగ దాన్ని భూమిలోకి పంపాలి. అది లేకపోతే మన ఒళ్లే దారి.

రెండు పిన్నులవన్నీ ప్రమాదమని కాదు. ప్లాస్టిక్ బాడీ క్లీనర్ల మీద చదరంలో చదరం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్ ఉన్నట్టు. వాటికి ఎర్త్ అక్కర్లేదు. లోహపు ఒళ్లుండి మూడు పిన్నులతో వచ్చినవాటికి మాత్రం రిపేరు షాపులోనే, కరెంటు పెట్టకుండా, ప్లగ్గు పెద్ద పిన్నుకీ డ్రమ్ముకీ మధ్య మల్టీమీటరు పెట్టించండి. ‘కీ’మని మోగాలి. అర నిమిషం పని.

పాత ఇళ్లలో సాకెట్ పైరంధ్రం వెనక తీగే ఉండదు. కొందరు ఎలక్ట్రీషియన్లయితే దాన్ని న్యూట్రల్‌కే కలిపేస్తారు. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందా, 230 వోల్టులూ వస్తువు ఒంటిమీదికే! ఎంసీబీ ఉందిగా అని ధీమా పడకండి, అది వైర్లను కాపాడేందుకు. మనిషి కోసం 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ వేరే పెట్టించాలి.

షాపుకెళ్లి అడిగితే, ‘తిరుగుతోంది కదా సార్’ అన్నాడా కుర్రాడు. మూడు తీగల వైరు వేయించి, మోటారు శుభ్రం చేయించి, మీటరు మోగాకే కదిలాను. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ రబ్బరు చెప్పులేసుకుంటే గానీ దాన్ని ముట్టుకోవడం లేదు.