మెషిన్ మిగిల్చిన గంటలు ఎవరివి?

నలుగురు తెలుగువాళ్లం కలిసిన చోట రాయల్ మెయిల్ మాటొస్తే చాలు, "ఈ కాలంలో ఉత్తరాలెవరు రాస్తున్నారండీ, ఇంకా సమ్మెలేంటి?" అని ఎవరో ఒకరు అననే అంటారు. నేను పోస్ట్‌మ్యాన్ పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

పిల్లలూ, మీక్కూడా ఇది తెలియాలి. ఒకప్పుడు పోస్ట్‌మ్యాన్లు తెల్లవారకుండానే డ్యూటీకొచ్చి, గూళ్లున్న అరల ముందు నిలబడి, తమ వీధుల ఉత్తరాల్ని ఇంటి నంబర్ల వరసలో చేత్తో సర్దుకునేవారు. ఆ తర్వాతే సంచీ భుజానికెత్తుకోవడం. ఆ సర్దుడు పని మెల్లగా మెషిన్లు అందుకున్నాయి. మంచిదే కదా! మరి మిగిలిన గంటలు ఎవరివి? విశ్రాంతికి కాదు. ఆ గంటల్లో ఇంకో నాలుగు వీధులు తిరగమంటారు. నలుగురు చేసే పనికి ముగ్గురు చాలంటారు. 2009 అక్టోబరులో దేశమంతా సమ్మె జరిగినప్పుడు చిక్కు ఇక్కడే వచ్చింది. మెషిన్లు వద్దని యూనియన్ అనలేదు. మాతో మాట్లాడకుండా లెక్కలు మార్చొద్దంది.

అవతలివాళ్ల మాటా కొట్టిపారెయ్యలేం. 2004-05లో ఏడాదికి దాదాపు 2,000 కోట్ల ఉత్తరాలు పంచేవారు. 2023-24కి అవి 670 కోట్లకు దిగాయి. ఈమెయిల్‌తో సరిపెట్టేదీ మనమే, ఆన్‌లైన్లో కొన్న చెప్పులు రేపటికే రావాలనేదీ మనమే.

2022 ఆగస్టు, డిసెంబరు మధ్య సుమారు 1,15,000 మంది 18 రోజులు పని ఆపారు. ఆ మధ్యలోనే, అక్టోబరులో, 10,000 ఉద్యోగాల దాకా తగ్గించాల్సి రావచ్చని కంపెనీ ప్రకటించింది. క్రిస్మస్ ముందు 23, 24 తేదీల సమ్మె మాత్రం నాకు నచ్చలేదు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉత్తరం కోసం ఎదురుచూసే ముసలమ్మ ఏం పాపం చేసింది? కానీ ఎవరికీ ఇబ్బంది లేని రోజు చూసుకుని సమ్మె చేస్తే పట్టించుకునేదెవరు? పైగా సమ్మె రోజుల జీతం వాళ్లకు రాదు. పండగ నెలలో అది చిన్న విషయం కాదు.

చివరికి 2023 జూలైలో సభ్యులు ఓటేసి ఒప్పందానికి సరేనన్నారు. మూడేళ్లకు కలిపి 10 శాతం పెంపు, పైన 500 పౌండ్లు. బదులుగా డ్యూటీ మొదలయ్యే వేళ వెనక్కి జరిగింది, పార్సిళ్ల కోసం. తెల్లవారుజామున లేచినా, మధ్యాహ్నం బడి దగ్గర పిల్లల కోసం నిలబడొచ్చని ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు వదులుకున్నదేమిటో మనలో తల్లిదండ్రులైనవాళ్లకు చెప్పక్కర్లేదు.

సమ్మెప్పుడు ఉత్తరాలు రాలేదని కోప్పడ్డవాళ్లం, 2025 జూలైలో సెకండ్ క్లాస్ ఉత్తరాలు రోజు మార్చి రోజు, శనివారం అసలు లేకుండా పంచుకోవచ్చని ఆఫ్‌కామ్ అనుమతిచ్చినప్పుడు పెద్దగా నోరు విప్పలేదు. పిల్లలూ, ఫ్రెండ్‌కి పుట్టినరోజు కార్డు సెకండ్ క్లాస్ స్టాంపుతో పంపేటట్టయితే ఇంకో రెండు రోజులు ముందే ఎర్ర డబ్బాలో వెయ్యండి.