స్వరకర్త సాక్ష్యం

ఎడ్వర్డ్ ఎల్గార్ వయొలిన్ కన్చెర్టో రికార్డుల్లో ఏది మేలని అడిగితే చాలామంది ఒక్కమాటతో తేల్చేస్తారు. 1932 జూలైలో లండన్ అబీ రోడ్ స్టూడియోలో 16 ఏళ్ల యెహూదీ మెనూహిన్ వాయించగా, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను ఎల్గారే నడిపించాడు. రాసినవాడే దగ్గరుండి చేయించిన రికార్డు ఉండగా మిగతావాటి ఊసెందుకు అంటారు. ఆ రికార్డు గొప్పదనాన్ని ఎవరూ కాదనరు. కానీ దాన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా తీసుకోవాలి. సాక్ష్యమన్నాక మిగతా సాక్షులనూ విచారించాల్సిందే.

వారిలో ముందు పిలవవలసినవాడు ఆల్బర్ట్ సామన్స్. 1929లో హెన్రీ వుడ్ నిర్వహణలో ఆయన ఇచ్చిన రికార్డు సుమారు 43 నిమిషాల్లో ముగుస్తుంది. మెనూహిన్‌కు దాదాపు 50 నిమిషాలు పట్టింది. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున నాలుగున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు కనుక సామన్స్ పరుగెత్తాడని సర్దిచెప్పుకోవచ్చు. అయితే అదే ఇరుకు మెనూహిన్‌కూ ఉంది. ఆరు రికార్డుల మీద ఆయన తీరుబడిగానే వాయించాడు. కాబట్టి సామన్స్ కాలప్రమాణం యంత్రం విధించింది కాదు, ఆయన ఎంచుకున్నదే. తేడా ఎక్కడుందో మొదటి భాగంలోనే తెలుస్తుంది. ఆర్కెస్ట్రా ఒంటరిగా చాలాసేపు వాయించాక వయొలిన్ మంద్రస్థాయిలో ప్రవేశించి, అంతవరకూ సాగిన ఆలోచనను తాను అందుకుంటుంది. సామన్స్ ఆ నడక చెడకుండా అందుకుంటాడు. మెనూహిన్ నడక తగ్గించి, ఒక్కో స్వరం మీద నిలుస్తాడు. 1932 రికార్డులో ఎల్గార్ ఒక్కడే నడిపించిన ఆ ఆరంభం చురుకుగా, ముందుకు తోసుకుపోతూ ఉంటుంది. కుర్రవాడు రాగానే వేగం సద్దుమణుగుతుంది. ఒకే రికార్డులో రెండు కాలప్రమాణాలుంటే స్వరకర్త మనసు ఏ వైపుందని చెప్పగలం? నన్నడిగితే ఆ ఆరంభం సామన్స్ వైపే సాక్ష్యం చెబుతోంది.

ఎల్గార్ ఒప్పుకున్నాడు కదా అన్నది బలమైన అభ్యంతరమే. రికార్డింగుకు ముందు కాసేపు విని, తృప్తిపడి, గుర్రప్పందాలకు వెళ్లిపోయాడని మెనూహినే తర్వాత చెప్పుకున్నాడు. అది ఆమోదమే, సందేహం లేదు. కానీ ఒకరి దారిని మెచ్చుకోవడమంటే మిగతా దారులు మూసేయడం కాదు. పైగా స్టూడియోలో ఎల్గార్ పట్టువిడుపులున్న మనిషి. 1916లో మేరీ హాల్‌తో ఇదే రచనను రికార్డు చేసినప్పుడు నాలుగు వైపుల్లో ఇమిడేలా కత్తిరించాడు. మూడో భాగంలోని కడెన్జాలో వయొలిన్ వెనుక తీగ వాద్యకారులు వేళ్ల మెత్తని కొసలతో తీగలను మీటుతూ గుసగుసలాంటి నాదం పుట్టించాలి. ఆనాటి రికార్డింగు కొమ్ముకు అది అందదని హార్ప్ చేర్చాడు. స్వయంగా ఆయనే చేశాడు కదా అని ఇప్పుడు ఎవరైనా హార్ప్ పెడుతున్నారా? ఆ రికార్డును పరిస్థితులతో కలిపి చదివే మనం 1932 దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్తను గాలికొదిలేస్తాం. 1910 నవంబర్ 10న దీన్ని తొలిసారి వినిపించిన ఫ్రిట్జ్ క్రైస్లర్, రచన అంకితం పొందినవాడు, ఒక్క రికార్డూ చేయలేదు. ఆయన సాక్ష్యమే ఉండి ఉంటే ఈ పీఠానికి పోటీ తప్పేది కాదు.

త్యాగరాజ కృతుల విషయంలో మనకీ ఇబ్బంది లేదు. ఆయన గొంతు రికార్డుకెక్కలేదు కనుక శిష్యపరంపరల పాఠాంతరాలన్నీ పక్కపక్కనే బతికాయి. ఎల్గార్ విషయంలో మాత్రం ఒక్క రికార్డు తర్వాతి తరాల అభిరుచిని మలిచిందని నా అనుమానం. మెనూహిన్ స్థాపించిన పాఠశాలలోనే చదివిన నైజెల్ కెన్నెడీ 1984లో వెర్నన్ హ్యాండ్లీతో, 1997లో సైమన్ రాటిల్‌తో చేసిన రికార్డులు రెండూ 50 నిమిషాలు దాటుతాయి. రెండూ బాగుంటాయి, ముఖ్యంగా మొదటిది. మరోవైపు 1949లో మాల్కమ్ సార్జెంట్‌తో హైఫెట్జ్ చేసిన రికార్డు సామన్స్ వేగానికి దగ్గరగా నడిచింది. దాన్ని చల్లగా ఉందని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. నిదానమే లోతు అన్న అలవాటు చెవికి పట్టేశాక, చకచకా సాగే ఏ ఆవేదనైనా చల్లగానే వినిపిస్తుంది. సామన్స్ తర్వాత వెంటనే హైఫెట్జ్‌ను వింటే ఆ ఆరోపణ సగం వీగిపోతుంది. మెనూహిన్ సైతం 1932తో సరిపెట్టుకోలేదు. 1960ల నడుమ ఏడ్రియన్ బోల్ట్‌తో కలిసి ఇదే కన్చెర్టోను మళ్లీ రికార్డు చేశాడు.