ఇంటి చదువుకు వాచకం ఎందుకు?

జూన్ దగ్గర పడేసరికి తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఏటా కనిపించే విడ్డూరం ఈసారీ కనిపిస్తున్నది. పిల్లలను బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని, అంటే హోమ్‌స్కూలింగ్ చేయాలని, చుట్టపక్కాల మాటలను లెక్కచేయకుండా నిశ్చయించుకున్న తల్లిదండ్రులు, మరుసటి వారమే పుస్తకాల దుకాణానికి వెళ్లి, ఏ చదువును చూసి విసిగిపోయారో ఆ చదువుకు సంబంధించిన భాషా వాచకాన్ని, దానికి తోడు వర్క్‌బుక్కును, వ్యాకరణ అభ్యాస పుస్తకాన్ని కట్టగట్టి తెచ్చుకుంటున్నారు. బడిని వదిలినవారు బడిసంచిని వదలలేకపోతున్నారు.

పాఠం, కఠిన పదాలకు అర్థాలు, ప్రశ్నలు, ఖాళీల పూరణ, చివర భాషాంశాలు అనే వరుసలో సాగే వాచకం ఒక ప్రత్యేక అవసరం నుంచి పుట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం చూసినా ప్రాథమిక తరగతుల్లో ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉంటాడు కాబట్టి, ఎవరికి ఎంత అర్థమైందో ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని మాట్లాడి తెలుసుకునే తీరిక అతనికి లేదు కాబట్టి, ఆ పనిని పాఠం చివరి ప్రశ్నలకు అప్పగించారు. ఒకరిద్దరు పిల్లలున్న ఇంట్లో అమ్మో తాతయ్యో ‘తరువాత ఏమైందిరా?’ అని అడిగితే తేలిపోయే విషయానికి అచ్చు ప్రశ్నాపత్రం అక్కరలేదు.

ఈ మాట కొత్తదేమీ కాదు. 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ అనే పుస్తకం ప్రచురించిన ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్, మంచి పుస్తకం నుంచి ఒక భాగాన్ని ఒక్కసారే చదివి వినిపించి, పిల్లలచేత దానిని సొంత మాటల్లో తిరిగి చెప్పించడాన్ని భాషాబోధనకు మూలంగా పెట్టుకున్నది. చూచిరాత, శ్రుతలేఖనం, అంటే చదువుతుండగా విని రాయడం, దాని వెంట నడిచాయి. ఆ పద్ధతికి కావలసినవి మంచి పుస్తకం, నోటుపుస్తకం, పెద్దల సమయం. వీటిలో మూడవది దుకాణంలో దొరకదు కాబట్టే మొదటి రెండింటికి బదులు వర్క్‌బుక్కు అమ్ముడుపోతున్నది.

వ్యాకరణం సంగతి ఏమిటన్న ఆందోళన తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. అమెరికా ఆంగ్లోపాధ్యాయుల జాతీయ మండలి 1963లో ప్రచురించిన పరిశోధన నివేదిక, సూత్రబద్ధ వ్యాకరణ బోధన పిల్లల రచనను మెరుగుపరచడంలో చూపే ప్రభావం అత్యల్పమని, రాసే సాధనకు దక్కవలసిన సమయాన్ని అది మింగేస్తే హాని కూడా చేస్తుందని తేల్చింది. అది ఆంగ్లం సంగతి అని తోసిపుచ్చేవారు తెలుగు పిల్లల మాటను ఒక పూట శ్రద్ధగా వినాలి. ‘వాడొచ్చాడు’, ‘ఏమంటావు’ అనే నాలుగేళ్ల పిల్ల, సంధి అనే పేరు వినకముందే సంధి చేస్తున్నది. ఆ పిల్లే తొమ్మిదో తరగతికి వచ్చి ఉత్పలమాల గణాలను వల్లెవేసి, పూర్తి మార్కులు తెచ్చుకుని, ఊళ్లోని అమ్మమ్మకు పది వాక్యాల ఉత్తరం రాయలేక, ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగును వదిలి సంస్కృతం తీసుకుంటున్నది.

అయితే లిపి విషయం వేరు. గుణింతాలు, ఒత్తులు వాటంతట అవి రావు. వాటికి క్రమం కావాలి, ఆ క్రమాన్ని పెద్ద బాలశిక్ష వంటి ఒక్క పుస్తకం ఇవ్వగలదు. ‘భాష’ను ‘బాష’గా, ‘ధనం’ను ‘దనం’గా రాసే పొరపాటు, మహాప్రాణాలను, అంటే ఊపిరి గట్టిగా వదిలి పలకవలసిన అక్షరాలను, రోజువారీ మాటలో తేల్చేయడం వల్ల కలుగుతుంది. చెవికి సరిగా అందని తేడాను కంటితో పట్టుకోవాలి కాబట్టి, ముందు చూచిరాత, మర్నాడు అదే భాగంతో శ్రుతలేఖనం అనే జంట సాధన దానికి ఖాళీల పూరణ కంటే మేలైన మందు. ఇక పరీక్షల మాటకొస్తే, బడికి వెళ్లనివారు రాయగల సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి పరీక్షకు కనీస వయసు 14 ఏళ్లు; ఆ పరీక్ష రాసేవారు అప్పుడు దాని పాఠ్యపుస్తకాన్ని ఎలాగూ చదువుతారు. అంతవరకు వ్యాకరణ పుస్తకం, నిఘంటువులాగే, అవసరమైనప్పుడు తెరిచి చూసుకోవడానికి అలమారలో ఉంటే చాలు.

వాచకం వద్దన్నప్పుడు పిల్లలు చదవవలసిన పుస్తకాలు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు మాత్రం తప్పించుకునే జవాబు చెప్పకూడదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. నెలకు ఇరవై కథల పుస్తకాలు కొనగల ఇళ్లు కొన్నే కాబట్టి, గ్రంథాలయం లేని చోట ఇంటి చదువు ఉన్నవాళ్ల ముచ్చటగానే మిగులుతుంది. 1935లో కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకాలు తీసుకెళ్లి ఊరూరా పంచిన నేలమీద, ఇప్పుడు శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకు ఉన్న చోటు పిల్లల కథలకు లేదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్నును ప్రజలు కడుతూనే ఉన్నారు. దానిని వసూలు చేసిన స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చెల్లించకుండా బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత కథే. వర్క్‌బుక్కుల మీద వేలు ఖర్చుపెట్టే తల్లిదండ్రులు ముందుగా తమ పన్ను రసీదు తీసి చూసుకుని, ఆ పైసలు ఎక్కడికి చేరాయో పురపాలక కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు చట్టం కింద ఆ దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు.