మూడు వందల రూపాయల దివ్యత్వం

2024 జూలైలో ఢిల్లీ నగరంలోని రోహిణి ప్రాంతంలో, ఆశా కిరణ్ అనే ప్రభుత్వ ఆశ్రయ గృహంలో ఒక్క నెలలోనే పదిమందికి పైగా మరణించారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడుపుతున్న గృహమది. సామర్థ్యానికి మించి జనాన్ని కుక్కిన ఆ ప్రాంగణం గురించి వార్తలు రాగానే రాజకీయం మొదలైంది. ఢిల్లీ ప్రభుత్వం మెజిస్టీరియల్ విచారణకు ఆదేశించింది. ప్రతిపక్ష నాయకులు గేటు ముందుకు చేరారు. నేరం ఎవరిదన్న వాదన కొన్నాళ్లు సాగింది. హైకోర్టు కలగజేసుకుని నీటి నాణ్యతను పరీక్షించమంది, రద్దీ తగ్గించమంది. మరో ఆరు నెలలకు ఢిల్లీ శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి ఆ మరణాల ఊసెత్తే తీరిక ఎవరికీ లేకపోయింది.

నీళ్లు కలుషితమయ్యాయా, వైద్యులు చాలలేదా అన్నవి అడగవలసిన ప్రశ్నలే. వాటికన్నా ముందు అడగవలసినది మరొకటి ఉంది. వందలాది మంది పౌరులు తమ జీవితమంతా ఒకే ప్రహరీ గోడ లోపల ఎందుకు గడపవలసి వచ్చింది? వారిలో ఏ ఒక్కరినైనా ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు అని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్న వేయడానికి కరుణ అక్కరలేదు, దేశ చట్టాన్ని చదివితే చాలు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో పార్లమెంటు ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. దాని 5వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు ఉంది. ఫలానా చోటే ఉండి తీరాలన్న నిర్బంధం వారి మీద ఉండకూడదు. ఇంటి దగ్గరే అందే సేవలు, నివాస సేవలు, దైనందిన జీవితానికి అవసరమైన వ్యక్తిగత సహాయం వారికి అందుబాటులో ఉండాలి. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం చెప్పేదీ ఇదే. ఆ ఒడంబడికను భారతదేశం 2007లోనే ధ్రువీకరించింది.

అయితే చట్టం రాసినవారు ఒక చిన్న క్రియాపదంలో ప్రభుత్వానికి తప్పించుకునే దారి వదిలారు. హక్కు ఉన్నదని చెప్పిన అదే సెక్షన్, ప్రభుత్వం అందుకు ‘ప్రయత్నించాలి’ అంటుంది. సామాజిక భద్రతను వివరించే 24వ సెక్షన్ ‘ఆర్థిక సామర్థ్యం, అభివృద్ధి పరిమితులకు లోబడి’ అంటుంది. ప్రయత్నించామని చెప్పుకోవడానికి ఒక సర్క్యులర్ చాలు. సామర్థ్యం లేదని చెప్పుకోవడానికి అదీ అక్కరలేదు. ఫలితంగా ఈ దేశంలో ఇరవై నాలుగు గంటలూ తోడు కావలసిన మనిషికి మిగిలినవి రెండే చోట్లు. ఒకటి తల్లి ఒడి, రెండోది ఆశా కిరణ్ వంటి ప్రాంగణం. తల్లి కన్నుమూసిన రోజున మొదటి చోటు నుంచి రెండో చోటికి ప్రయాణం మొదలవుతుంది. ‘మా తర్వాత వీడి గతేమిటి’ అని ప్రతి తల్లీ తండ్రీ రాత్రిళ్లు వేసుకునే ప్రశ్నకు సర్కారు దగ్గర ఉన్న సమాధానం ఇంతే.

ఇక డబ్బు లెక్క చూడాలి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను నెలకు 300 రూపాయలు. 2012 నుంచి ఆ అంకె కదలలేదు. దాన్ని పొందాలన్నా మనిషి దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, వైకల్యం 80 శాతమో అంతకు మించో ఉండాలి. చట్టం ప్రయోజనాలకు అర్హతగా పెట్టుకున్నది 40 శాతం. అంటే పార్లమెంటు ఒక గీత గీస్తే, ఖజానా దానికి రెట్టింపు ఎత్తున మరో గీత గీసింది. సాధారణ పథకాలలో ఇతరులకు ఇచ్చే దానికన్నా వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతుంది. డెబ్బై తొమ్మిదేళ్ల లోపు వృద్ధులకు కేంద్రం ఇచ్చేది 200 రూపాయలు, వికలాంగులకు ఇచ్చేది 300. కాగితం మీద నిబంధన సంపూర్ణంగా నెరవేరింది! చట్టాన్ని పాటిస్తూనే దాన్ని ఎలా పాతరవేయవచ్చో చూడదలచినవారికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఈ మధ్యకాలంలో మారింది పేరు మాత్రమే. 2015 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ ‘దివ్యాంగులు’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. మంత్రిత్వ శాఖ పేరు పలకలు మారాయి. ఈ మాటను పలు వికలాంగ సంఘాలు నిరసించాయి. 2019లో భారత నివేదికను పరిశీలించిన ఐక్యరాజ్యసమితి కమిటీ కూడా దాన్ని ప్రశ్నించింది. శరీరంలో దివ్యత్వాన్ని చూడగలిగిన కళ్లకు మూడు వందల రూపాయలతో నెల గడవదన్న లౌకిక సత్యం కనిపించలేదు. పొరుగున ఉన్న నేపాల్‌లో తలసరి ఆదాయం మనకన్నా తక్కువ. అక్కడ పూర్తి వైకల్యం ఉన్నవారికి నెలకు 3,990 నేపాలీ రూపాయలు ఇస్తున్నారు. భారత కరెన్సీలో అది దాదాపు 2,490 రూపాయలు. పేద దేశం కాబట్టి ఇవ్వలేకపోతున్నామన్న వాదన కాఠ్మాండూ దాకా కూడా వెళ్లి నిలబడలేదు.

రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నాయన్నది నిజం. ఆ విషయంలో తెలుగు రాష్ట్రాలు ఉత్తరాదికన్నా చాలా ముందున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో పింఛను 4,016 అయింది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ దాన్ని 6,000 చేస్తామని మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటూ 2025లోనూ ఆందోళనలు సాగాయి. ఈ అంకెలను తక్కువ చేయనక్కరలేదు. వాటిని నమ్ముకుని బతికే ఇళ్లు లక్షల్లో ఉన్నాయి.

కానీ పింఛను వేలంపాటగా మారిన చోట అసలు ప్రశ్న మూలన పడింది. నడుము కింద స్పర్శ లేని మనిషిని పొద్దున్నే మంచం మీద నుంచి లేపేదెవరు? మరుగుదొడ్డికి తీసుకెళ్లేదెవరు? ఒత్తిడి పుండ్లు పడకుండా రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదెవరు? ప్రస్తుతం ఈ పనులన్నీ జీతం లేకుండా చేస్తున్నది ఆ ఇంటి ఆడమనిషి. తల్లి, భార్య, పెళ్లి మానుకున్న అక్క. ఆమె కూలికి వెళ్లలేదు, పేరంటానికి వెళ్లలేదు, తన నడుము నొప్పికి ఆసుపత్రికి కూడా వెళ్లలేదు. పింఛను తిండికీ మందులకూ సరిపోతే అదే గొప్ప. అందులో నుంచి సహాయకురాలికి జీతం ఇవ్వడం మాటల్లో కూడా సాధ్యం కాదు. 15,000 రూపాయల పింఛను ఒక్కటే ఆ వైపు కొంత అడుగు వేసింది. అది కూడా అతి కొద్దిమందికి, అదీ వైద్యుల పునఃపరిశీలన కత్తి కింద. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ధ్రువపత్రాల తనిఖీ జరిగినప్పుడు ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటున్నవారు మళ్లీ శిబిరాల ముందు వరుసలు కట్టి తమ శరీరాన్ని రుజువు చేసుకోవలసి వచ్చింది. బోగస్ పత్రాలను ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే. ఆ తనిఖీ భారాన్ని దొంగపత్రం అమ్మినవాడి మీద కాక, మంచంలో ఉన్నవాడి మీద వేయడం మాత్రం పాలన అనిపించుకోదు.

దీనికి మందు కూడా చట్టంలోనే ఉంది. 24వ సెక్షన్ అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలంటుంది. 38వ సెక్షన్ ప్రకారం అటువంటి వ్యక్తి దరఖాస్తు చేసుకుంటే, ఒక మదింపు బోర్డు అతనికి ఏ సహాయం ఎంత కావాలో తేల్చాలి, ప్రభుత్వం దాన్ని అందించాలి. వైకల్యం శాతాన్ని కొలవడానికీ, అవసరాన్ని కొలవడానికీ ఉన్న తేడాను గుర్తించిన ఏకైక నిబంధన ఇది. మోకాలు వంగే కోణం చూసి శాతం రాసే వైద్యుడికి, ఆ మనిషి మూడో అంతస్తులో ఉంటున్నాడా, ఇంట్లో తోడెవరైనా ఉన్నారా అన్నది తెలియదు. తెలుసుకోవలసిన పనీ అతనికి లేదు. బోర్డుకు ఉంది. ఏ పార్టీ ఎన్నికల సభలోనైనా 38వ సెక్షన్ పేరు వినిపించిందా? కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. తమిళనాడు కూడా సంరక్షకుల సాయం దిశగా కదిలింది. మొత్తాలు చిన్నవైనా, సంరక్షణను పనిగా గుర్తించిన రాష్ట్రాలవి.

తోడు సంగతి అలా ఉంటే, గూడు సంగతి కూడా మెరుగ్గా లేదు. గృహ పథకాల కేటాయింపుల్లో 5 శాతం వికలాంగులకు ఇవ్వాలని 37వ సెక్షన్ శాసించింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగంలో మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చేది 1.20 లక్షల రూపాయలు. చక్రాల కుర్చీ తిరిగేందుకు వెడల్పాటి తలుపు, గడప లేని మరుగుదొడ్డి, వాలుబాట కట్టుకోవాలంటే అయ్యే అదనపు ఖర్చు ఆ మొత్తంలో ఎక్కడ ఇముడుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం పట్టణాల్లో పేదలకు సెంటు స్థలం పంచింది. సెంటంటే 48 చదరపు గజాలు. అందులో కట్టిన ఇంట్లో మంచం వేస్తే చక్రాల కుర్చీ మలుపు తిరగదు. లేఔట్లు చాలాచోట్ల ఊరికి దూరంగా, బస్సు రాని చోట వెలిశాయి. పట్టా చేతికి వచ్చిన రోజు ఆ లబ్ధిదారుడు గణాంకాల్లో చేరాడు. ఆ ఇంటి గడప దాటలేకపోవడం ఏ గణాంకంలోనూ చేరలేదు.

గూడునూ తోడునూ కలిపి ఇచ్చే పథకాలు లేవా అంటే, పేరుకు ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 చట్టం ద్వారా ఏర్పడిన నేషనల్ ట్రస్ట్, జీవితాంతం ఉండగలిగే సామూహిక గృహాల కోసం ‘ఘరౌందా’ పథకం నడుపుతోంది. కేంద్రం ఆ ట్రస్టుకు ఇచ్చిన మూలనిధి వంద కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. నిర్వహణ అంతా స్వచ్ఛంద సంస్థల నెత్తిన వేసి, దరఖాస్తులు పిలిచి, గ్రాంటు కోసం ఎదురుచూడమనడం కేంద్రం చేతులు దులుపుకునే పద్ధతి.

మానసిక ఆరోగ్య రంగంలో ఈ బాధ్యతారాహిత్యం మరింత బాహాటంగా కనిపిస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. దేశం సిగ్గుపడింది. పదహారేళ్ల తర్వాత వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, కుటుంబం లేదన్న కారణంతోనో, ఇల్లు లేదన్న కారణంతోనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని 19వ సెక్షన్‌లో స్పష్టంగా రాసింది. అయినా 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలలను పరిశీలించి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, అక్కడున్నవారిలో మూడింట ఒక వంతుకు పైగా ఏడాది దాటి అక్కడే ఉన్నారు. జబ్బు నయమైనా తీసుకెళ్లేవారు లేకపోతే మంచం ఖాళీ కాదు. సగం దారి గృహాలు కట్టమని సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో రాష్ట్రాలకు పదేపదే గుర్తు చేయవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో అదే కోర్టు, మేధో వైకల్యం ఉన్నవారి ఆశ్రయ గృహాల పర్యవేక్షణను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. సంక్షేమ శాఖ తనిఖీ మీద న్యాయస్థానానికి ఎంత నమ్మకం ఉందో ఆ ఆదేశమే చెబుతోంది.

దీన్ని సమర్థించేవారు మొదట చెప్పే మాట సంస్కృతి. మన కుటుంబ వ్యవస్థ గట్టిది, పాశ్చాత్యుల మాదిరి అయినవారిని బయటివారికి అప్పగించే అలవాటు మనకు లేదు అంటారు. ఆ గట్టి వ్యవస్థను మోస్తున్నది ఒక అరవై ఏళ్ల స్త్రీ వెన్నెముక అని వారికి తెలియదా? ఆమె పోయాక ఆ సంస్కృతి ఎవరింటికి వెళ్తుంది? కుటుంబాన్ని నిజంగా గౌరవించే ప్రభుత్వం ఆ కుటుంబానికి వారంలో ఒక రోజైనా విశ్రాంతి దొరికే ఏర్పాటు చేస్తుంది.

రెండో మాట, విదేశీ నమూనాలు మనకు కుదరవు అని. స్వీడన్ 1994 నుంచి వ్యక్తిగత సహాయకులను చట్టబద్ధ హక్కు చేసింది. ఆస్ట్రేలియా 2013లో మొదలుపెట్టిన జాతీయ వైకల్య బీమా పథకంలో ఇంటికి ఇచ్చే నిధినీ, సహాయానికి ఇచ్చే నిధినీ వేరు చేసింది. సహాయకులను మార్చుకోవాలంటే ఇల్లు వదులుకోనక్కరలేదన్నది దాని ఉద్దేశం. ఆ పథకం ఖర్చు అదుపు తప్పిందన్నదీ, మోసాలు జరిగాయన్నదీ నిజం. అక్కడి సామూహిక గృహాల్లోనూ హింస జరిగిందని 2023లో రాయల్ కమిషన్ బయటపెట్టింది. లోపాలున్న హక్కును సరిదిద్దుకోవడానికి వారికి ఒక పథకం ఉంది. ఇక్కడ సరిదిద్దడానికి కూడా ఏమీ లేదు.

పైగా విదేశాల దాకా వెళ్లనక్కరలేదు. చెన్నైలోని ద బన్యన్ సంస్థ 2015 నుంచి ‘హోమ్ అగైన్’ పేరుతో మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుంటోంది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో మగ్గిన స్త్రీలు నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు. అవసరమైనంత మేరకు సహాయకురాలు ఉంటుంది. వంట ఏమిటో, బజారుకు ఎవరు వెళ్లాలో వారే నిర్ణయించుకుంటారు. ఈ పద్ధతి తర్వాత కేరళ, మహారాష్ట్ర, అస్సాంలకు కూడా పాకింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగినదాన్ని జిల్లాకొకటి చొప్పున ప్రభుత్వం చేయలేదా? కావలసింది బడ్జెట్‌లో ఒక పద్దు, దాన్ని అడిగే రాజకీయం.

ఆ పద్దు ఎలా ఉండాలో చట్టం చదివితే తెలుస్తుంది. కేంద్ర పింఛనును 300 నుంచి కదిలించి ధరల సూచీతో ముడిపెట్టాలి, 80 శాతం గీతను చట్టం చెప్పిన 40కి దించాలి. పింఛనుతో సంబంధం లేకుండా, అవసరాన్ని బట్టి సంరక్షకుల భత్యాన్ని విడిగా ఇవ్వాలి. 38వ సెక్షన్ కింద మదింపు బోర్డులు ప్రతి జిల్లాలో పనిచేయాలి. వాటిలో వికలాంగులు సభ్యులుగా ఉండాలి. ప్రతి గృహ పథకంలో వాలుబాటకూ మరుగుదొడ్డికీ అదనపు నిధి ఉండాలి. కొత్త ఆశ్రమాలకు పునాదిరాళ్లు వేయడం ఆపి, ఉన్నవాటిని ఖాళీ చేసే గడువు ప్రకటించాలి.

ఓట్లు అడగడానికి నాయకులు చక్రాల కుర్చీల పంపిణీ సభలకు వస్తూనే ఉంటారు, ఫొటోలు దిగుతూనే ఉంటారు. ఈసారి కుర్చీ అందుకున్నవారు ఒక ప్రశ్న అడగాలి. ఈ కుర్చీలోకి రేపు పొద్దున్న నన్ను ఎత్తి కూర్చోబెట్టే మనిషికి జీతం ఎవరిస్తారు? ఆశా కిరణ్‌లో మరణించినవారికి ఆ ప్రశ్న అడిగే అవకాశం రాలేదు.