అటక మీద తాతగారి రైఫిల్ దొరికిందా? నూనె గుడ్డ కంటే ముందు లైసెన్స్ వెతకండి

ఊళ్లో పాత ఇల్లు అమ్మేద్దామని అటక ఖాళీ చేస్తున్నారు. గోనెసంచిలో చుట్టిన రైఫిల్ బయటపడింది. గొట్టం నిండా తుప్పు. శుభ్రం చేసి గోడకు తగిలిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. ఎందుకో చూద్దాం.

ఏ రైఫిల్ అన్నది ఎందుకు ముఖ్యం?

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్, భారత సైనికుల చేతుల్లో ఉన్నది .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారైంది. సైన్యం మానేశాక కూడా పోలీసులు దశాబ్దాలపాటు వాడారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవాన.

అదే ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసింది. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. చట్టానికి మాత్రం రెండూ వేరు. .303లో సైనిక తూటా పడుతుంది కాబట్టి అది నిషేధిత బోర్. దాని లైసెన్స్ కేంద్రం చేతిలో ఉంటుంది. .315కు కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్ ఇస్తారు.

'అది పేలదు కదా' అంటే సరిపోతుందా?

సరిపోదు. రిపేరు చేసినా పేలనంతగా పాడైతేనే ఆయుధాల చట్టం-1959లో మినహాయింపు ఉంది. ఆ సంగతి మనకు మనం తేల్చుకునేది కాదు. తాతగారి లైసెన్స్ ఆయనతోనే పోతుంది, మీకు వర్తించదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకీకి 2 నుంచి 5 ఏళ్లు, నిషేధిత ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్ల జైలుశిక్ష ఉంది.

రుద్దితే నష్టమేంటి?

మొదటిది ప్రాణభయం. లోపల తూటా ఉందో లేదో మీకు తెలియదు. రెండోది, ఉప్పు కాగితంతో తుప్పు గీకితే గుర్తింపు నంబర్ చెరిగిపోవచ్చు. నంబర్ చెరిపేయడం అదే చట్టం కింద నేరం.

మరి ఏం చేయాలి?

* బోల్ట్, ట్రిగ్గర్ ముట్టుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.
* దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, ఎలా అప్పగించాలో అడగండి. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేయాలి. రసీదు తప్పక తీసుకోండి.
* పాత లైసెన్స్ పుస్తకం వెతకండి. బోర్, నంబర్ అందులోనే ఉంటాయి.
* ఉంచుకోవాలనుకుంటే వారసుడిగా దరఖాస్తు చేయండి. ఆయుధ నిబంధనలు-2016లో ఆ వీలుంది. డిపాజిట్ చేసి మరిచిపోతే గడువు దాటాక జప్తు కావచ్చు.

లైసెన్స్ వచ్చాక?

అప్పుడు లైసెన్సున్న ఆయుధ డీలర్‌ దగ్గర తనిఖీ చేయించండి. గొట్టం లోపలి గాడులు అరిగాయా, బోల్ట్ మూసినప్పుడు తూటా వెనక ఖాళీ ఎక్కువైందా, కర్ర పగిలిందా అన్నవి చూస్తారు. ఆ ఖాళీ ఎక్కువైతే తూటా తొడుగు పగిలి, వేడి వాయువు కాల్చేవారి ముఖంమీదకే రావచ్చు.

పాత సైనిక తూటాలు పేలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలేది. అది గాలిలో తేమను పట్టి తుప్పు పుట్టిస్తుంది. నూనెకు కరగదు. అందుకే అప్పటి సైనికులు ముందు మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టాకే నూనె రాసేవారు. మన విషయంలోనూ వరుస ముఖ్యమే: ముందు కాగితం, తర్వాత తనిఖీ, ఆఖరున నూనె గుడ్డ.