హెచ్‌పీ అడిగేవాళ్లే గానీ టైరు అడిగే నాథుడేడీ?

పోయిన వానాకాలం సెలవు పెట్టి ఊరికెళ్లాను. మంత్రాలయానికి కూతవేటు దూరంలో మా మామ చేను. నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పుకి రెండేసి కేజీల మట్టి. నేను పోయేసరికి ఆ మట్టిలో మామ కొత్త ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడి ఉంది. పాతది 39 హెచ్‌పీ. దాన్నిచ్చేసి, పైన అప్పు చేసి 50 హెచ్‌పీది తెచ్చాడు.

"పాతదైతే ఇంత లోతుకు దిగలేదు అల్లుడూ" అన్నాడు దిగులుగా.

దిగదు మామా! అంత లోతు గుంత తవ్వే శక్తి దానికి లేదు. (ఇది జోకు కాదు, చివరిదాకా చదవండి.)

"కొన్నప్పుడు షోరూంలో ఏమడిగినావు?" అన్నాను.

"హెచ్‌పీ అడిగితి, డీజిలెంత తాగుతాదని అడిగితి, కంతు ఎంతని అడిగితి."

"టైరు సైజు?"

"కంపెనీ వాడు ఏదిస్తే అదే గదా..."

ఇదీ సంగతి. ఏడెనిమిది లక్షలు పోసి బండి కొంటాం. నేలను తాకేది దాంట్లో ఒక్క టైరే. దాని గురించి మాత్రం ఎవడూ అడగడు! మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ప్రాసెసర్ స్పీడు చూసి మురిసిపోయి, మూలన పడున్న పాత హార్డ్‌డిస్కు దానికి తగిలించినట్టు. ఇంజను ఎంత తిప్పినా ఆ శక్తి నేలలోకి పోయే దారి ఇరుకైతే ఏం లాభం? మిగిలినదంతా గుంత తవ్వడానికే.

నాకీ జ్ఞానం చేలో రాలేదు, మంచులో వచ్చింది. కొన్నేళ్ల కింద కొలరాడోలో ఉన్నప్పుడు ఒక సహోద్యోగి స్నోమొబైల్ మీద కొండెక్కించాడు. ముందు రెండు స్కీలు, వెనక ఒకటే వెడల్పాటి రబ్బరు పట్టా. కొండల బండికి ఆ పట్టా వెడల్పు 15-16 అంగుళాలు, చుట్టు పొడవు 155, 165 అంగుళాలు, పళ్లు రెండున్నర మూడు అంగుళాల ఎత్తు. నేను అలవాటు ప్రకారం "ఇంజను ఎంత?" అన్నాను. అతను నవ్వి, పట్టా ఎంత, వెనక సస్పెన్షన్ ఎలా బిగించాను అని అరగంట చెప్పాడు.

లెక్క వేసి చూశాను. బండీ మనిషీ కలిపి 320 కేజీలనుకుందాం. నేలమీద ఆనే పట్టా సుమారు 38 సెంటీమీటర్ల వెడల్పు, 165 సెంటీమీటర్ల పొడవు. చదరపు సెంటీమీటరుకి పడే బరువు 50 గ్రాములు! మనిషి ఒంటికాలి మీద నిలబడితే 400 గ్రాములు. అందుకే మనిషి నడుముదాకా దిగబడే మంచులో ఆ బండి తేలుతుంది.

ఐతే పొడుగు పట్టా ఒక్కటీ వేస్తే చాలదు. యాక్సిలరేటర్ నొక్కగానే బరువంతా వెనక్కి పోతుంది. వెనక సస్పెన్షన్ మెత్తగా వదిలేస్తే స్కీలు గాల్లోకి లేచి, పట్టా తోక మాత్రమే మంచును తవ్వుకుంటూ దిగబడుతుంది. అందుకని సస్పెన్షన్ ముందు చేతికి ఒక పట్టీ కట్టి, అది ఎంత సాగాలో బిగించుకుంటారు. బాగా బిగిస్తే ముందు నిలుస్తుంది, కొండెక్కేటప్పుడు పట్టు తగ్గుతుంది. వదులు చేస్తే పట్టు బాగుంటుంది, ముందు లేస్తుంది. ఏ కొండకి, ఏ మంచుకి, ఎంత బరువున్న మనిషికి ఎంత అన్నది ఎవడిది వాడు తేల్చుకోవాల్సిందే. షోరూంలో ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు నడిపేవాడు గుంతలో ఉంటాడు. మామ లాగ.

సరదాకి కొండెక్కేవాడు ఇంత ఆలోచిస్తాడే, అన్నం కోసం దున్నేవాడు ఎందుకు ఆలోచించకూడదు?

ఇప్పుడు మన ట్రాక్టరుకొద్దాం. దీనికి వెనక సస్పెన్షనే లేదు. ఇరుసు నేరుగా గేర్‌బాక్సుకి బిగించి ఉంటుంది. అంటే టైరూ, దాంట్లో గాలీ, ఇవే సస్పెన్షన్. నేలమీద టైరు వేసే ఒత్తిడి సుమారుగా లోపలి గాలి ఒత్తిడంత ఉంటుంది. 12 పీఎస్‌ఐ గాలుంటే చదరపు సెంటీమీటరుకి 840 గ్రాములు, 24 ఉంటే 1,700. మా ఊరి పంచర్ షాపులో మాత్రం ఒకటే లెక్క: టైరు మీద తంతే 'టంగ్'మనాలి! గేజీ పెట్టి చూస్తే మామ టైర్లలో 26 ఉంది. వెడల్పు టైరు వేసుకుని దాన్నలా రాయిలా చేస్తే, పెద్ద చెప్పులు కొనుక్కుని మడమల మీద నడిచినట్టే.

"గాలి తగ్గిస్తే టైరు పాడైతాది" అంటారు. నిజమే, అడ్డదిడ్డంగా తగ్గిస్తే రిమ్ములో టైరు జారి ట్యూబు నాజిల్ తెగుతుంది. ట్రాలీ నిండా పత్తి వేసుకుని ఆదోనికి పోయేటప్పుడు మెత్తని టైరు పనికిరాదు. నేను గాలి తీసెయ్యమనడం లేదు. టైరు కంపెనీ ఏ బరువుకి ఎంత గాలో పట్టికే ఇస్తుంది, అది చూసి పట్టమంటున్నాను. చేలోకి ఒక లెక్క, రోడ్డుకి ఒక లెక్క. "రోజూ ఎవడు మారుస్తాడు?" అంటే, రోజూ వద్దు. దుక్కి సీజనుకి ఒకసారి, తోలకాల సీజనుకి ఒకసారి. ఒక గేజీ ఖరీదు ఒకరోజు డీజిలంత ఉండదు.

రెండోది బరువు. చక్రం జారుతోందని టైర్లలో నూరు లీటర్లకు పైనే నీళ్లు నింపి, ఏడాదంతా అలాగే తిప్పుతారు. నీళ్లు నింపిన టైరు అణగదు, ఉన్న కాస్త సస్పెన్షనూ పాయె. పైగా పైమట్టి గట్టిపడటం గాలి ఒత్తిడి వల్ల, లోపలి మట్టి గట్టిపడటం ఇరుసు మీది బరువు వల్ల. తడిరేగడి మీద బరువు బండి తిప్పితే అడుగున ఏర్పడే గట్టిపొరని కల్టివేటరు అందుకోలేదు. వేరు దిగదు, నీళ్లింకవు. మన కరువుసీమలో పడిన వాన ఇంకకపోతే ఇక సేద్యం ఎందుకు?

బరువు చాలిందో లేదో తెలుసుకోడానికి ఇంజనీరు అక్కర్లేదు. టైరు మీద సున్నంతో గీత పెట్టండి. పనిముట్టు ఎత్తి పది చుట్లు నడిపి దూరం గుర్తుపెట్టుకోండి. అదే దూరం దున్నుతూ నడపండి. పదకొండు, పదకొండున్నర చుట్లైతే సరిగ్గా ఉంది. పన్నెండు దాటితే జారుతోంది. పదీ పదింబావే ఐతే అనవసరంగా బరువు మోస్తున్నారు, నీళ్లు తీసెయ్యండి.

మూడోది, కేజీవీల్స్. మడిలో అవి ఉండాల్సిందే, బురదలో వాటిని మించింది లేదు. కాలవ కింద వరి పెట్టేవాళ్లని తప్పుపట్టను. కానీ ఆ ఇనప చక్రాలతోనే తారు రోడ్డెక్కి ఊళ్లోకి రావడం ఏం తెలివండీ? ట్రాక్టరుకి ఇనపచక్రం తీసి గాలి టైరు వేయడం అమెరికాలో 1932లో మొదలైంది. మన తాతలు కూడా కర్రచక్రానికి ఇనపపట్టా తీసి టైరుబండి చేయించుకున్నది ఎద్దు మెడకి సుఖమనే. ఐఐఎం బెంగుళూరుకి తొలి డైరెక్టరుగా చేసిన ఎన్.ఎస్. రామస్వామి అంతటాయన ఎద్దులబండి చక్రం గురించి దశాబ్దాలపాటు పోరాడారు. మనం వెనక్కి నడుస్తున్నాం. ట్రాలీలో వేసుకెళ్లి గట్టు దగ్గర బిగించుకోడానికి పట్టేది అరగంట. ఆ రోడ్డు మళ్లీ వేయడానికి పట్టేది ఎన్నేళ్లో ఆ రాఘవేంద్రస్వామికే ఎరుక!

ఇదంతా డబ్బుల సంగతి. అసలు సంగతి ఇంకోటుంది.

ఆరోజు మామ కొడుకు దిగబడిన చక్రాలకి అడ్డంగా మొద్దు కట్టి, మొదటి గేరులో క్లచ్ వదలబోయాడు. నేను అరిచిన అరుపుకి పక్క చేనువాళ్లు పరిగెత్తుకొచ్చారు. చక్రం తిరగడానికి వీల్లేకపోతే ఇంజను బలమంతా ఏమౌతుంది? చక్రం బదులు బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు భాగం లేచి, నడిపేవాడి మీద వెనక్కి పడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు, బ్రేకు మీద కాలు పడే టైము ఉండదు. హెచ్‌పీ ఎక్కువైతే ఇంకా తొందరగా. గొలుసు కిందనుండే డ్రాబారుకి కాకుండా పైన టాప్‌లింకుకి తగిలించి లాగినా అంతే. స్నోమొబైల్ వాడు స్కీలు లేవకుండా పట్టీ ఎందుకు కడతాడో, ట్రాక్టరు ముందు బరువులు ఎందుకు పెడతారో ఇప్పుడర్థమైందా?

మొద్దు విప్పించి, చక్రాల వెనక మట్టి తవ్వించి, రివర్సులో రానిచ్చాం. రాకపోతే ఇంకో ట్రాక్టరు. మూడు గంటలు పట్టింది. పట్టనీ!

మామకి ఒక గేజీ కొనిచ్చి వచ్చాను. మొన్న ఫోన్లో "చేలోకి పద్నాలుగే పెడ్తాండా అల్లుడూ" అన్నాడు. పంచర్ షాపు వాడు మాత్రం నవ్వుతున్నాడట. నవ్వనీండి. మీ ఇంట్లో ట్రాక్టరుంటే రేపు పొద్దున్నే దాంట్లో గాలెంతుందో చూడండి. హెచ్‌పీ ఎంతో మీరు చెప్పకపోయినా మీ ఊరందరికీ తెలుసు.