అన్నా? తమ్ముడా?

బస్తరు అడవుల్లో ఇప్పపూలు రాలే కాలంలో స్త్రీలూ పిల్లలూ తెల్లవారకముందే గంపలు పట్టుకొని బయలుదేరుతారు. ఎండబెట్టిన ఆ పువ్వు ఆహారమూ అవుతుంది, సారా కూడా అవుతుంది. జీలుగు కల్లును అక్కడ సల్ఫీ అంటారు. పెండ్లిలోనూ, పండుగలోనూ, చావింటనూ నలుగురూ కూర్చుండి ఆకుదొప్పలతో పంచుకొనే ఆ పానీయం మనిషిని బంధువులకు దగ్గర చేస్తుంది.

అయితే ఈ చిత్రం సగమే. ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యం చదివి, మధ్యభారత గిరిజనుల నడుమ జీవించిన వెరియర్ ఎల్విన్, బస్తరు మారియాల హత్యలను, ఆత్మహత్యలను గురించి 1943లో ఒక గ్రంథం ప్రకటించాడు. నూరు హత్యోదంతాలను పరిశీలించిన ఆ గ్రంథంలో కుటుంబ కలహాలతోపాటు మద్యమూ చర్చకు వచ్చింది. ఆయనే 1946లో ఛత్తీస్‌గఢ్ జానపద గీతాలను ఆంగ్లంలో వెలువరించాడు. ఒక పుస్తకంలో పాట, మరొకదానిలో నెత్తురు.

ఈ రెండింటినీ ఒకేచోట నిలిపే ప్రయత్నం సమకాలిక అమెరికన్ కవిత్వంలో కనిపిస్తుంది. రాబర్ట్ లోవెల్ 1959లో ప్రచురించిన ‘లైఫ్ స్టడీస్’ ఇంటిగుట్టును కవితావస్తువుగా చేసింది. షారన్ ఓల్డ్స్ 1992 నాటి ‘ది ఫాదర్’లో, తాగుడుకు లోబడిన తండ్రి మరణశయ్య పక్కన కూతురు కూర్చున్నది. మొహావీ తెగకు చెందిన నటాలీ డియాజ్ 2012లో వెలువరించిన తొలి సంపుటి, మత్తుమందుకు బానిసైన సోదరుణ్ణి గురించినది. అందులో అతడు తల్లిదండ్రులను నిత్యమూ బలిగొనే దేవుడు. అయినా ఆ తల్లిదండ్రులు అతణ్ణి వదలుకోలేరు. ఆమెకు 2021లో మరొక సంపుటికి పులిట్జర్ బహుమానం లభించింది.

ఇటువంటి కవితను తెలుగు చేయబూనిన అనువాదకుడికి తొలిమాటలోనే చిక్కు వస్తుంది. ఆంగ్లంలోని ‘బ్రదర్’ అన్నో తమ్ముడో చెప్పదు. అన్న అయితే, ఇంటికి దూలం కావలసినవాడు కూలిపోయాడు. తమ్ముడైతే, చంకనెత్తుకొని పెంచిన బిడ్డ చేజారిపోయాడు. దుఃఖం ఒక్కటే కాదు. ‘సోదరుడు’ అని తప్పించుకోవచ్చును గాని, ఏ ఇంటిలోనూ ఎవరూ ఎవరినీ అలా పిలువరు. ‘తాగుబోతు’, ‘మత్తుబానిస’ అనే మాటలు మరీ సులువు; అవి వీధివారు పెట్టే పేర్లు. ఇంటివారికి ఆ మనిషి ఇంకా వరుస తప్పిపోలేదు.

బస్తరులోని గోండీ భాషలోనూ అన్నకు ఒక పేరు, తమ్ముడికి ఒక పేరు. ఆ కవిత ఎప్పుడైనా అక్కడి గుడిసెలకు చేరితే, అక్కడివారూ ముందుగా అడిగేది అతడేం తాగాడని కాదు, ఆమెకు ఏమవుతాడని.